పైవాటా అమ్మాయి ఇంగ్లీషు డైరీ

ఏమండోయ్, పొయ్యి మీద ఏమీ పెట్టి రాలేదు కదా? అయితే ఇలా రండి, ఓ మాట.

మా పైవాటా వాళ్ళమ్మాయి తెలుసుగా, తొమ్మిదో తరగతి. మొన్నమొన్నటిదాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు టీచరు పేరెత్తితే గుటకలు మింగేది. ఆ పిల్ల సాయంత్రమయ్యేసరికి మెట్ల మీద కూచుని లాంగ్ నోటుబుక్కులో తెగ గీకేస్తోంది. హోంవర్కేమో అనుకున్నా. కాదట, ఇంగ్లీషులో డైరీయట! నేనడక్కుండా ఉంటానా? అడిగితే చూపించింది. అలా చూడకండి, దొంగచాటుగా చదవలేదు.

పేజీ అంతా వాళ్ళ నాయనమ్మా పాలవాడూనే. 'మై గ్రాండ్‌మదర్ డైలీ ఫైటింగ్ విత్ మిల్క్‌మ్యాన్. హి సే నో వాటర్. షి సే నో మిల్క్.' నవ్వలేక చచ్చాననుకోండి. ముసలావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. గ్రామరంటారా? ఎక్కడో ఉండే ఉంటుంది లెండి.

అదే పిల్ల ట్యూషన్ నోట్సూ చూశా. 'మై ఎయిమ్ ఇన్ లైఫ్'. డాక్టరై పల్లెటూళ్ళో పేదలకి ఉచితంగా వైద్యం చేస్తుందట. ఒక్క తప్పు లేదు. ట్యూషన్‌లో పిల్లలందరిదీ అదే ఆశయం, అదే పల్లెటూరు. సూది చూస్తే ఈవిడగారు మంచం కింద దూరుతుంది!

పదో తరగతి పరీక్షలోనూ డైరీ అడుగుతారుగా. పాఠంలో ఎవరికో ఏదో జరిగితే, ఆ రాత్రి వాళ్ళు డైరీలో ఏం రాసుకుని ఉంటారో రాయమంటారు. మంచి ప్రశ్నే. మనవాళ్ళు దానికీ గైడు కొనిపెడతారు. ఒకళ్ళ మనసులో మాట, ఇంకొకళ్ళకి బట్టీ!

అన్నట్టు, డైరీతో పేరుకెక్కిన ఆన్ ఫ్రాంక్ జర్మన్ పిల్ల, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. హిట్లర్ ధాటికి ఇంటిల్లిపాదీ ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకి డైరీ చేతికొచ్చింది. రాసింది ఇంట్లో మాట్లాడే జర్మన్‌లో కాదు, బళ్ళో నేర్చుకున్న డచ్‌లో! కిట్టీ అని ఓ నేస్తాన్ని ఊహించుకుని అమ్మ మీద చిరాకంతా ఆ నేస్తానికే చెప్పుకుంది. మన గురజాడవారు మాత్రం? 'సారంగధర' ఇంగ్లీషు పద్యమే, 1883లో. తెలుగులో రాయవయ్యా అని కలకత్తా నుంచి పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ చెప్పాడు. మాట విన్నారు, గిరీశాన్ని మన నెత్తినెక్కించారు. డైరీలు మాత్రం ఇంగ్లీషులోనే రాసుకున్నారు.

ఎక్కడున్నాం? ఆ, పాలవాడు. ఓరోజు ఆ పిల్ల నాన్నకి నోటుబుక్కు దొరికింది. ఎర్రపెన్ను తీసుకుని పేజీలన్నీ దిద్దిపారేశాడు. మంచికే చేశాడు పాపం. ఆ వారమంతా ఏం రాసిందో తెలుసా? 'ఐ గెట్ అప్. ఐ బ్రష్. ఐ గో టు స్కూల్.' తప్పుల్లేవు, నాయనమ్మా లేదు.

మళ్ళీ దారిలో పెట్టింది బళ్ళో ఇంగ్లీషు టీచరమ్మ. ఆవిడ తప్పు కింద గీతే గీయదు. పేజీ అడుగున జవాబు రాస్తుంది: 'మీ గ్రాండ్‌మదర్ ఇంకా ఫైట్స్ విత్ ద మిల్క్‌మ్యాన్? మరి వాట్ డజ్ హి సే?' అని, అంతా ఇంగ్లీషులోనే లెండి, నాకు గుర్తున్నంత చెప్తున్నా. మర్నాడు పిల్ల రాసిన దాంట్లో 'ఫైటింగ్' పోయి 'ఫైట్స్' వచ్చింది. ఎవరూ దిద్దలేదు. జవాబివ్వాలన్న తొందరలో అదే అంటుకుంది.

మీ బాబిగాడికీ ఓ నోటుబుక్కు కొనివ్వండి. ఎర్రపెన్ను మీ దగ్గరే దాచేయండి. వాడు అడిగితేనే చదవండి. మీ గురించి కూడా రాస్తాడు, ముందే చెప్తున్నా, తర్వాత నా మీదకి రాకండి.