కతోలికులు క్రైస్తవులు కారా?

ఉపాధ్యాయుని చేతనున్న ఎఱ్ఱ సిరా కలము చిన్న వస్తువే. కాని దాని గీత పిల్లల మనస్సులో ఎంత లోతునకు దిగునో గీసినవానికి తెలియదు. రెండేండ్ల క్రిందట నేను గీసిన ఒక గీత కథ ఇది. నా తప్పును మన పత్రికలో నేనే వ్రాసికొనుట ఉచితమని తోచినది.

ఆ ఏడు డిసెంబరు మాసమున తొమ్మిదవ తరగతివారికి “మా ఇంటి పండుగ” అను విషయముపై వ్యాసము వ్రాయుమని చెప్పితిని. ఒక బాలిక క్రిస్మసును గూర్చి వ్రాసెను. మంచి వ్యాసము. వెదురుబద్దలతో నక్షత్రము కట్టుట, అర్ధరాత్రి పూజకు నిద్రకన్నులతో నడచిపోవుట, తెల్లవాఱి ఇరుగుపొరుగులకు అరిసెలు పంచుట, అన్నియు కన్నులకు కట్టినట్లు వర్ణించెను. అందు “ఫాదరుగారు సువిశేషము చదివిరి” అనియు, “మా తమ్మునికి జ్ఞానస్నానము జరిగెను” అనియు, “శ్రీసభ బిడ్డలము” అనియు ఉండెను. నేను ఆ మూడు మాటలను కొట్టివేసి, పైన “సువార్త”, “బాప్తిస్మము”, “సంఘము” అని దిద్ది, రెండు మార్కులు తగ్గించితిని.

ఎందులకు తగ్గించితినో చెప్పవలెను. నేను క్రైస్తవుడను కాను. గోదావరి జిల్లాలో పుట్టి, ప్రొటెస్టంటు మిషనువారి పాఠశాలలో చదివి, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చితిని. చిన్ననాడు ప్రతి ఉదయమును ప్రార్థనవేళ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వినెడివాడను. ఆ పాటలలోని మాటలే క్రైస్తవుల తెలుగని నా నమ్మకము. వేఱొక తెలుగు కూడ ఉండునేమో అను అనుమానమైనను నాకు కలుగలేదు.

పుస్తకములు పంచినప్పుడు ఆ బాలిక దిద్దుబాట్లను చూచి తల వంచుకొనెను. ప్రక్క వరుసలోని పిల్లవాడొకడు తొంగిచూచి, “వాళ్లు క్రైస్తవులు కారండి, మాస్టారూ. ఆర్.సి.ఎం. వాళ్లండి. బొమ్మలకు మొక్కుతారండి” అనెను. నలుగురైదుగురు నవ్విరి. నేను నవ్వలేదు. కాని మందలింపనులేదు. “సరే, కూర్చో” అంటిని.

“సరే” అను మాటను మన ఉపాధ్యాయులము దినమునకు నూఱుమార్లు ఊరకే అందుము. ఆనాడు అది తీర్పైనది.

మఱునాటి సాయంకాలము ఆ బాలిక నాయనమ్మ పాఠశాలకు వచ్చినది. చేతిలో అట్ట ఊడిన జపముల పుస్తకము. కోపము లేదు. “మా మాటలు తప్పాండీ, మాస్టారూ? మా అత్తగారు నేర్పిన జపాలండీ ఇవి. ఇన్నాళ్లూ తప్పే చదువుతున్నామా అని అడగటానికి వచ్చానండీ” అనెను. పుస్తకము తెఱచి చూచితిని. పుట పుటను జ్ఞానస్నానము, సువిశేషము, పవిత్రాత్మ. తప్పులు కావు. నాకు తెలియని తెలుగు.

“తప్పు నాదేనమ్మా” అని ఆమెను పంపితిని. కాని అంతటితో ఋణము తీరలేదు. మాటల తప్పును ఎఱ్ఱ సిరాతో దిద్దవచ్చును. “వాళ్లు క్రైస్తవులు కారు” అన్న వాక్యమును దిద్దవలెనన్నచో ముందు నేను తెలిసికొనవలెను.

మొదట ఫ్రెంచివారి కాలము నాటి మన కతోలిక దేవాలయమునకు పోయి అచ్చటి గురువును అడిగితిని. ఆయన, “నీటితో, త్రిత్వ నామమున ఎవరు ఇచ్చినా అది జ్ఞానస్నానమేనండీ. ప్రొటెస్టంటు ఒకరు అట్లా పొంది మా దగ్గరకు వస్తే మేము మళ్లీ ఇవ్వము” అనెను. తరువాత ఆ పిల్లవాని సంఘపు పాస్టరుగారిని కలిసికొంటిని. ఆయన బాప్టిస్టు. కొంతసేపు ఆలోచించి, “క్రైస్తవుడన్న పేరు కాదండీ మాకు ముఖ్యము. మారుమనస్సు ముఖ్యము. అది మావాళ్లలో మాత్రము అందరికీ ఉందా?” అనెను.

ఈ రెండవ మాట నా కన్నులు తెఱపించినది. ఒకే పదమును ఇరువురు రెండర్థములలో వాడుచున్నారు. “క్రైస్తవుడు” అనగా క్రీస్తును దేవుని కుమారునిగా నమ్మి, ఆయన పేరిట స్నానము పొంది, ఆయనను కొలుచువారిలో చేరినవాడని లోకవ్యవహారము. మనసార మారి రక్షణ పొందినవాడని కొన్ని సంఘములలోని వాడుక. రెండవ అర్థమున ఎవడు క్రైస్తవుడో నిర్ణయించుట మనుష్యుల పని కాదు. పాస్టరుగారు దానిని తమవారికి సైతము అన్వయించిరి. పిల్లవాడు మాత్రము ఆ కొలతను ప్రక్క వరుసకు మాత్రమే అన్వయించెను.

లోకవ్యవహారమున చూచినచో సందేహమునకు తావు లేదు. దేవుడొక్కడే అనియు, ఆయన పిత, పుత్ర, పవిత్రాత్మలనియు, యేసు శిలువపై మరణించి మూడవనాడు లేచెననియు కతోలికులును ప్రొటెస్టంటులును సమముగా విశ్వసింతురు. 325లో నికేయలోను, 381లో కాన్‌స్టాంటినోపులులోను రూపొందిన విశ్వాస ప్రమాణమును కతోలికులును, లూథరనులును, ఆంగ్లికనులును నేటికిని పఠింతురు. బాప్టిస్టులు సాధారణముగా దానిని ఆరాధనలో పఠింపకున్నను అందలి ముఖ్యవిషయములను నమ్ముదురు. “కతోలిక” అను గ్రీకు పదమునకు సార్వత్రికము అని అర్థము. జర్మనీలో మార్టిన్ లూథరు తన 95 వాదములను ప్రకటించినది 1517లో. అంతకు పూర్వము పశ్చిమ ఐరోపా క్రైస్తవులలో అత్యధికులు రోము సభవారే. వారు క్రైస్తవులు కారన్నచో లూథరునకు జ్ఞానస్నానమిచ్చినవారెవరు?

అట్లని భేదములు లేవనుట సత్యము కాదు. మర్యాద కొఱకు భేదములను దాచుటయు ఒక విధమైన అగౌరవమే.

మొదటిది ప్రమాణమును గూర్చిన భేదము. విశ్వాస విషయములలో బైబిలే తుది ప్రమాణమని ప్రొటెస్టంటులు చెప్పుదురు. బైబిలుతోపాటు అపోస్తలులనుండి సంక్రమించిన సంప్రదాయము కలదనియు, వానిని వివరించు అధికారము పోపుతో కూడిన మేత్రాణులకు కలదనియు కతోలికుల మతము. బైబిలులోనే భేదము కలదు. ప్రొటెస్టంటుల బైబిలులో 66 గ్రంథములు. కతోలికులకు 73. తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలగు ఏడు గ్రంథములు వారి పూర్వనిబంధనలో అధికము.

రెండవది రక్షణను గూర్చినది. మనుష్యుడు విశ్వాసము చేతనే నీతిమంతుడగునని లూథరు బోధించెను. కృపయే మూలమైనను, ఆ కృపతో మనుష్యుడు సహకరింపవలెననియు, సత్కార్యములకు స్థానము కలదనియు 1545 నుండి 1563 వఱకు జరిగిన ట్రెంటు మహాసభ నిర్ణయించెను. ఈ వివాదమునకే ఐరోపాలో రక్తము ప్రవహించినది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కతోలిక సభయు లూథరను ప్రపంచ సమాఖ్యయు ఈ విషయముపై ఉమ్మడి ప్రకటన చేసిరి. రక్షణ కృపవలననే అను మూలమున ఏకీభవించి, మిగిలిన భేదములు పరస్పర ఖండనకు కారణములు కావనిరి.

మూడవది సంస్కారములను గూర్చినది. కతోలికులకు ఏడు సంస్కారములు. ప్రొటెస్టంటులలో పెక్కుమందికి బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము అను రెండే. పూజలో అప్పమును ద్రాక్షారసమును నిజముగా క్రీస్తు శరీర రక్తములగునని కతోలికుల నమ్మిక. అప్పము అప్పముగానే ఉన్నను క్రీస్తు దానియందు నిజముగా ఉండునని లూథరు మతము. అది జ్ఞాపకార్థమైన భోజనమని బాప్టిస్టుల మతము. శిశువులకు స్నానమిచ్చుటలో లూథరనులు కతోలికులతో ఏకీభవింతురు. బాప్టిస్టులు వీరిరువురితోను విభేదించి, నమ్మి ఒప్పుకొన్నవారికి మాత్రమే నీట ముంచి ఇత్తురు. భేదమే పేరును తీసివేయుటకు చాలునన్నచో ప్రొటెస్టంటులలో సైతము ఒకరి పేరును ఒకరు తీసివేయవలసివచ్చును.

నాలుగవది ఆ పిల్లవాడన్న బొమ్మల మాట. కతోలికులు మరియతల్లిని, పునీతులను గౌరవించి, తమ కొఱకు దేవుని ప్రార్థింపుమని వేడుదురు. ఆరాధన దేవునికే చెల్లుననియు, స్వరూపములకు చూపు గౌరవము వేఱనియు 787లో నికేయలో జరిగిన రెండవ మహాసభ తేల్చినది. దేవునికిని మనుష్యులకును క్రీస్తొక్కడే మధ్యవర్తి గాన పునీతులను వేడుట తగదనియు, స్వరూపముల ముందు మోకరించుట ఆజ్ఞకు విరుద్ధమనియు ప్రొటెస్టంటుల ఆక్షేపణ. ఆక్షేపించుటకు వారికి హక్కు కలదు. కాని ఎదుటివాడు “నేను బొమ్మను కొలుచుట లేదు, దేవునినే కొలుచుచున్నాను” అని చెప్పుచుండగా వాని మనస్సులోని మాటను మనము మార్చి చెప్పరాదు.

పేరు తీసివేయుట ఒక పక్షమువారే చేసినది కాదు. కతోలిక రాజ్యమైన ఫ్రాన్సులో ప్రొటెస్టంటులకు 1598లో నాల్గవ హెన్రీ నాంటు శాసనముచే ఇచ్చిన స్వేచ్ఛను 1685లో పదునాల్గవ లూయి రద్దుచేసెను. లక్షలకొలది జనము దేశము విడిచి పోయిరి. ఆ ఫ్రాన్సే తరువాతి శతాబ్దమున మన యానాముపై పాలన చేపట్టెను. 1954 వఱకు దాని జెండా ఇచ్చట ఎగిరినది. చుట్టునున్న గోదావరి సీమను ప్రొటెస్టంటులైన ఆంగ్లేయులు ఏలిరి. కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను 1874లో వేళ్లూనినది. రెండు దొరతనముల నడుమనున్న మన ఊరిలో రెండు దేవాలయములవారును ఒకే రేవు దాటి, ఒకే సంతలో బేరమాడి బ్రదికిరి. కతోలిక సభ సైతము తన పూర్వపు కాఠిన్యమును విడిచినది. రెండవ వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన శాసనమున, తమ సభలో లేకున్నను క్రీస్తును నమ్మి జ్ఞానస్నానము పొందినవారికి క్రైస్తవ నామము న్యాయముగా చెందునని పలికినది.

ఇది తెలిసికొన్న తరువాత ఒకనాడు అదే తరగతిలో నల్లబల్లపై రెండు వరుసలుగా వ్రాసితిని. ఒక వైపు జ్ఞానస్నానము, సువిశేషము, శ్రీసభ, పవిత్రాత్మ, పవిత్ర గ్రంథము. రెండవ వైపు బాప్తిస్మము, సువార్త, సంఘము, పరిశుద్ధాత్మ, పరిశుద్ధ గ్రంథము. “వీనిలో తప్పుమాట ఏది?” అని అడిగితిని. ఎవరును పలుకలేదు. సువార్త, సువిశేషము అను రెండును “శుభవార్త” అను అర్థముగల ఒకే గ్రీకు మాటకు తెలుగులని చెప్పితిని. బాప్తిస్మము గ్రీకునుండి వచ్చిన అన్యదేశ్యము. జ్ఞానస్నానము తత్సమ సమాసము. తమిళమున ప్రొటెస్టంటుల బైబిలులో సైతము ఆ జ్ఞానస్నాన శబ్దమే వాడబడినది. కావున మాట ఏ పక్షముదో అది పుట్టుకతో తెచ్చుకొనదు. వాడినవారి చరిత్రయే దానికి ఆ గుర్తును ఇచ్చును.

పిమ్మట ఆ బాలిక పుస్తకము తెప్పించి, నా మూడు దిద్దుబాట్లను నేనే కొట్టివేసి, రెండు మార్కులును కలిపి సంతకము చేసితిని. “ఆనాడు ‘సరే’ అన్న మాటయు తప్పే. దానిని కొట్టివేయుటకు పుస్తకము లేదు గాన మీ అందఱి యెదుట చెప్పుచున్నాను. కతోలికులు క్రైస్తవులే” అంటిని.

ఆ పిల్లవాడు లేచి, “మరి మా ఇంట్లో చెప్పేదంతా తప్పేనాండి?” అని అడిగెను. వాని ముఖమున కోపము లేదు, దిగులు కలదు. ఈమాఱు తొందరపడి “సరే” అనలేదు. “మీ ఇంట చెప్పు భేదములు నిజములే. అందేది సత్యమో నీవు పెద్దవాడవై నీ మనస్సుతో తేల్చుకొనుము. భేదము చెప్పుటకు నీకు హక్కు కలదు. ఎదుటివాని పేరు తీసివేయుటకు లేదు” అంటిని. వాడు కూర్చుండెను. ఒప్పుకొన్నాడో లేదో తెలియదు. ఒప్పించుటయు నా పని కాదు.

అప్పటినుండి వ్యాసములు దిద్దునప్పుడు నాకు తెలియని మాట కనబడినచో కలమును ప్రక్కన పెట్టి, “మీ ఇంట దీనిని ఏమందురు?” అని ముందుగా అడుగుచున్నాను. ఈ ప్రశ్నవలన ఇంతవఱకు నేను నేర్చిన తెలుగు కొంచెము కాదు.