పెరగని బాలుడు – పెరిగే పిల్లలు

కీర్తి పెద్దలకే మోయరాని బరువు. దానిని పసివారి నెత్తిన పెట్టి, వారు నవ్వుతున్నారు గనుక బరువు లేదనుకోవడం లోకరీతి. ఈ విషయాన్ని గురించి మమ్మల్ని ఆలోచింపజేసినది ఏ గ్రంథమూ కాదు. మా ఇంటి టెలివిజనులోని ఒక బొమ్మల కథ.

అదే 'ఛోటా భీమ్'. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ ద్వారా రాజీవ్ చిలక రూపొందించగా, 2008లో పోగో ఛానెల్‌లో ప్రసారం ప్రారంభమైంది. నాయకుడు తొమ్మిదేళ్ల బాలుడు. ఢోలక్‌పూర్‌లో రాజు ఇంద్రవర్మ మొదలు లడ్డూలమ్మే టున్‌టున్ మౌసీ వరకు అతనిని ఎరుగనివారు లేరు. ఎంత ప్రఖ్యాతి ఉన్నా కాలియాతో తగవులాడడం, లడ్డూలకు ఆశపడడం మాత్రం మానడు. ఆ గాథలోని హాస్యమంతా ఇక్కడే ఉన్నది. ఊరికి వీరుడైనవాడు ఇంటికి మామూలు పిల్లవాడే!

ఒకనాడు మా అమ్మాయి, "అబ్బాజాన్, భీమ్ ఎప్పటికీ పెద్దవాడు కాడా?" అని అడిగింది. మేము నవ్వాము గాని, ఆ ప్రశ్న మనసులో నిలిచిపోయింది. లెక్క ప్రకారం 2017 నాటికే అతనికి ఓటు హక్కు రావలసి ఉన్నది. పెరగడం మాట అటుంచి, 2019లో వచ్చిన 'మైటీ లిటిల్ భీమ్'లో అతడు పాకే పసివాడైనాడు! గీసిన బాలునికి గొంతు మారదు, మీసం రాదు, పరీక్ష తప్పదు. రక్తమాంసాలు గల బాలునికి ఈ భాగ్యం లేదు.

ఇది మా స్వానుభవం. విశాఖ పాతనగరంలో, దర్గా కొండ నీడలో మా బాల్యం గడిచింది. మా తండ్రిగారు ఓడరేవులో కళాసీ. తొమ్మిదవ యేట మేము బడి వార్షికోత్సవంలో రాగయుక్తంగా పద్యాలు చదివాము. "సాయిబుల అబ్బాయి ఎంత చక్కగా చదివాడు!" అని పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. అది మొదలు చవితి పందిళ్లకు పిలుపులు, మీలాదు సభలకు పిలుపులు. శాలువాలు కప్పారు గాని, అర్ధరాత్రి దాటాక ఈ పిల్లవాడు తిన్నాడా, రేపు బడికి ఎలా లేస్తాడు అని అడిగినవారు లేరు. పదమూడవ యేట ఒక సభలో, పద్యం మధ్యలో మా గొంతు బొంగురుపోయింది. జనం నవ్వారు. మరుసటి ఏడు ఆ వేదికపై మరొక బాలుడు నిలుచున్నాడు.

ఆనాడు మమ్మల్ని ఆదుకున్నవారు మా తెలుగు మాస్టారు. "గొంతు పోతే పోనీ బాబూ, పద్యం ఎక్కడికీ పోదు. కూర్చో, అర్థం చెబుతాను" అన్నారు. మేము నేడు తెలుగు బోధిస్తున్నామంటే ఆ ఒక్క మాటే కారణం.

అందరికీ అట్టి మాస్టారు దొరకరు. రాజమహేంద్రవరం బాలుడు అలీ 1981లో 'సీతాకోకచిలుక'లో నవ్వించి, 1994లో 'యమలీల'తో కథానాయకుడైనాడు. నాలుగేళ్ల ప్రాయంలో నటన ఆరంభించిన శ్రీదేవి 1978లో 'పదహారేళ్ళ వయసు' నాయిక అయింది. ఈ వంతెన దాటినవారు కొందరే. అమెరికాలో 1921లో చాప్లిన్ సరసన 'ది కిడ్'లో నటించి జగమెరిగిన జాకీ కూగన్, పెద్దవాడైన తరువాత చూసుకుంటే, తన సంపాదనలో అధికభాగాన్ని తల్లి, మారుతండ్రి ఖర్చు చేసివేశారు. 1938లో అతడు న్యాయస్థానానికెక్కాడు. ఫలితంగా 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనకు రక్షణగా చట్టం వచ్చింది. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలకళాకారుని చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు. ఎడతెరిపి లేకుండా 3 గంటలకు మించరాదు. ఆదాయంలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట జాతీయ బ్యాంకులో జమ చేయాలి. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి లేనిదే నిర్మాత పని మొదలుపెట్టరాదు.

అయితే ఇంటిలో తండ్రే నిర్మాత అయితే అనుమతి ఎవరిని అడగాలి? ఈ మధ్య మా అమ్మాయి పద్యం చదువుతుండగా బంధువొకరు ఫోనులో చిత్రించి లోకానికి పంపారు. వేలమంది చూశారు. మేమూ పొంగిపోయామని ఒప్పుకోక తప్పదు. నాలుగవ రోజు బడి నుండి వచ్చిన బిడ్డ, పుస్తకాల సంచి దించకముందే, అన్నమైనా అడగకముందే, "అబ్బాజాన్, ఈ రోజు ఎంతమంది చూశారు?" అన్నది. మాకు ఆ పందిరి, ఆ నవ్వు జ్ఞప్తికి వచ్చాయి.

ఆ దృశ్యాన్ని తీసివేయించాము. అమ్మాయి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడవ రోజు దాదీ పక్కన కూర్చుని అదే పద్యాన్ని, తప్పులతోనే, చదివింది. చివర అర్థం అడిగింది. మేము చెప్పాము.

విద్యార్థులారా! మీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ పాడితే చప్పట్లు కొట్టండి. కాని ఆ చప్పట్లు ఆగిన తరువాత వారి పక్కన కూర్చునేవారు కూడా మీరే కండి.