రాయల రాజధానిలో ఒక రోజు

‘ఆముక్తమాల్యద’ను తెలుగులో రచించిన శ్రీకృష్ణదేవరాయలు ఏలిన నగరాన్ని కన్నులారా చూడాలన్న కోరిక మాకు చిరకాలంగా ఉన్నది. ఈసారి ఎల్.టి.సి. అవకాశాన్ని వినియోగించుకొని, మా నిర్వహణ విభాగానికి చెందిన నాలుగు కుటుంబాలం హంపీ యాత్రకు బయలుదేరాము.

మాలో పెద్దవారు మరో మూడు నెలల్లో పదవీ విరమణ చేయనున్నారు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగ జీవితమంతా పంపుహౌసులోనే గడిపినవారాయన. రైలులో ఏదో మాటల సందర్భంలో, “పంపు ఆగిననాడే మనం గుర్తుకు వస్తాం. నడిచినన్నాళ్ళూ మన ఊసు ఎవరికి కావాలి?” అన్నారు. ఆ మాటకు బదులు చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు.

హోసపేటలో బస చేసి, మరునాడు ఉదయం ఏడు గంటలకే హంపీ చేరుకున్నాము. మాకు కుదిరిన గైడు బళ్ళారి యాసతో చక్కని తెలుగు మాట్లాడే యువకుడు. ముందుగా విరూపాక్షస్వామి దర్శనం చేసుకున్నాము. 1510లో రాయలు కట్టించిన రంగమంటపాన్ని చూశాము. చీకటి గది గోడపై గోపురం నీడ తలక్రిందులుగా పడటం చూసి పిల్లలు అక్కడి నుండి కదలనన్నారు. అనంతరం 1528 నాటి ఏకశిలా నరసింహమూర్తిని దర్శించాము. 6.7 మీటర్ల ఎత్తున్న ఆ విగ్రహం చేతులు విరిగి ఉన్నా, చూపులోని తేజస్సు తగ్గలేదు. ప్రక్కనే ఉన్న బడవిలింగం పానవట్టం నీటిలోనే ఉన్నది. కాలువ నుండి నీరు అక్కడికి చేరుతుందని గైడు చెప్పాడు.

హజార రామాలయం గోడలపై రామాయణ శిల్పాలను చూసి, మహానవమి దిబ్బ ఎక్కాము. పైనుండి చూస్తే రాచనగరులకు మిగిలినవి రాతి పునాదులే. “పైకట్టడమంతా కొయ్యపని. 1565 యుద్ధం తరువాత నగరం దోపిడీకి, మంటలకు గురైంది,” అన్నాడు గైడు. 1336లో వెలసిన రాజధాని అంతటితో పాడుపడిందన్న మాట వినేసరికి మా గుంపులో సందడి అణగిపోయింది.

దిబ్బకు సమీపంలోనే 1980 దశకపు త్రవ్వకాలలో బయటపడిన మెట్ల పుష్కరిణి ఉన్నది. ఏ రాయి ఏ వరుసలో, ఏ దిక్కున అమరాలో తెలిపే గుర్తులు ఆ నల్లరాళ్ళపై చెక్కి ఉన్నాయట. స్తంభాలపై నిలిపిన రాతి దోనె ఒకటి దానికి నీరు తెచ్చేది. మా పెద్దవారు ఆ దోనె వెంట నడుస్తూ, వాలు ఎటు ఇచ్చారో, అతుకులు ఎట్లా కలిపారో పరిశీలించసాగారు. మిగిలినవారంతా పద్మమహలుకూ, పదకొండు గదుల గజశాలకూ వెళ్ళినా, ఆయన మాత్రం కొంతసేపు అక్కడే ఉండిపోయారు.

మధ్యాహ్నం విఠలాలయంలో రాతిరథాన్ని చూసి తిరిగి వస్తుండగా, త్రోవలో అరటితోటల నడుమ నిండుగా పారుతున్న కాలువ కనిపించింది. “ఇది తుర్తు కాలువ సార్! విజయనగర రాజుల కాలంలో త్రవ్వించినది. మా నాన్న వరిమడికి నేటికీ ఇదే నీరు,” అన్నాడు గైడు. మా పెద్దవారు చటుక్కున ఆగిపోయారు. పూడిక ఎప్పుడు తీస్తారు, తూములు ఎవరు చూస్తారు అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. గైడు తనకు తెలిసినంత వరకు ఓపికగా చెప్పాడు. అప్పుడాయన చెప్పులు విడిచి, పాదాలు నీటిలో పెట్టుకొని గట్టుపై కూర్చున్నారు. “రాజు త్రవ్వించాడు, సరే. ఇన్ని వందల ఏళ్ళు పూడిక తీసినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు కదా! అయినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి,” అన్నారు. ఆయన ముఖంలో అంతటి తృప్తి మేము ఇంతకు మునుపు చూడలేదు. పిల్లలు కూడా ఆయన చుట్టూ చేరి కాళ్ళు తడుపుకోసాగారు. మరో అరగంట వరకు అక్కడినుండి ఎవరమూ లేవలేదు.

హంపీ వెళ్ళదలచిన సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. రథాన్నీ, గోపురాన్నీ ఎలాగూ చూస్తారు. గైడును అడిగి ఆ కాలువ గట్టున కూడా కాసేపు కూర్చోండి. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక వేకువనే బయలుదేరడం, మంచినీళ్ళు వెంట ఉంచుకోవడం మరువకండి.