మేము చెరిపిన అంకె

గత సంవత్సరము మేము నలుగురము ప్రయోగశాలలో పట్టుదారమునకు వ్రేలాడదీసిన దండాయస్కాంతము డోలనములను లెక్కించితిమి. కిటికీ చెంత బల్లపై ఇరువది డోలనములకు పట్టిన కాలమునకును, ఇనుప బీరువా ప్రక్క బల్లపై పట్టిన కాలమునకును పొంతన కుదరలేదు. గడియారమును శంకించితిమి, ఒకరి లెక్క నొకరు నిందించితిమి. తుదకు బీరువా ప్రక్కని అంకెను రబ్బరుతో చెరిపి, మొదటిదానికి సరిపోవునట్లు వేరొకటి వ్రాసితిమి. మార్కులు లభించెను గాని మనసు నెమ్మదింపలేదు.

ఇనుము చెంత అయస్కాంతక్షేత్రము మారునని పిమ్మట తెలిసికొంటిమి. తప్పు అంకెది కాదు, క్షేత్రమే విషమమైనది. ఇట్టి చిక్కు గొప్ప శాస్త్రజ్ఞులకును కలిగినదని మా ఉపాధ్యాయులు చెప్పగా విని ఆశ్చర్యపడితిమి.

నీటిలోని హైడ్రోజన్ కేంద్రకమగు ప్రోటాను, అయస్కాంతక్షేత్రమున తల యూచు బొంగరమువలె తిరుగును. ఒక టెస్లా బలముగల క్షేత్రమున సెకనుకు సుమారు 4 కోట్ల 26 లక్షల చుట్లు తిరుగును. ఆ లెక్కకు సరిపోవు రేడియో తరంగము సోకినప్పుడు అనునాదము కలుగును. ఈ పరిశోధనకు ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనువారలకు 1952లో నోబెల్ బహుమానము లభించెను. అయితే చిన్న గొట్టములోని నీటియందే ఒకచోటికంటె వేరొకచోట క్షేత్రము పది లక్షలలో ఒక పాలు హెచ్చైనచో, ఆ రెండుచోట్ల ప్రోటానులకు సెకనులో 42 చుట్లకు పైగా భేదము వచ్చును. అన్నియు కలిసి పలుకవలసిన సంకేతము చెదరి, త్వరలో అణగిపోవును. కొలత మసకబారును.

1950లో ఎర్విన్ హాన్ దీనికొక ఉపాయము ప్రకటించెను. సంకేతము అణగిన పిదప మరియొక రేడియో తాకుడు నిచ్చినచో, కొంత సేపటికి అది ప్రతిధ్వనివలె మరల లేచును. మా ఆటస్థలముననే దీనిని ఊహించుకొనవచ్చును. అందరమును ఒకే గీతనుండి పరుగిడి, ఈల వినగానే వెనుదిరిగితిమనుకొందము. ముందు పోయినవానికి దూర మెక్కువ, వెనుకబడినవానికి తక్కువ. ఎవరి వేగమును వారు విడువకున్నచో అందరును ఒక్కసారే గీతను చేరుదురు. నడుమ వేగము మార్చినవాడు మాత్రము వారితో కలియడు. అట్లే వేరొక బలముగల చోటికి జరిగిన ప్రోటాను ఆ ప్రతిధ్వనిలో సరిగా కలియదు.

1973లో పాల్ లాటర్‌బర్ క్షేత్రమును బుద్ధిపూర్వకముగనే విషమము చేసి, ఏ చోటి ప్రోటాను ఎట్లు పలుకుచున్నదో గ్రహించి, లోపలి రూపమును చిత్రించెను. నేటి ఆస్పత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రమునకు అదియే మూలము. ఒకరికి దోషమైనది వేరొకరికి దారి చూపెను.

మేము చెరిపిన అంకె బీరువాలోని ఇనుమును గూర్చి నిజము చెప్పుచుండెను, మేము వినలేదు. విషమక్షేత్రము చెదరగొట్టిన సంకేతమును మరల రప్పింపవచ్చును గాని, రబ్బరుతో చెరిపిన అంకెను రప్పింప నెవరి తరము? ఈ సంవత్సరము మా నోటుపుస్తకములలో పొంతన కుదరని అంకెలు పెక్కు కలవు. వానిని అట్లే యుంచితిమి.