అబిడ్సు నుంచి రెండు ఉట్నూర్ల దాకా

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ అబిద్ ఒకప్పుడు దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, అబిడ్సు అనే పేరు మిగిలింది. అక్కడి పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషను మీదుగా తీరిగ్గా నడిస్తే పబ్లిక్ గార్డెన్సు వస్తుంది. అందులోని పురావస్తు ప్రదర్శనశాలలో సంగతి తలకిందులు: పేర్లు పోయి వస్తువులు మిగిలాయి.

నేను వెళ్లిన రోజున జనమంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగారు. రాతి పనిముట్ల దగ్గర ఎవరూ లేరు.

"ఈ రాళ్లను చూసి వాళ్లెలా బతికారో ఎలా తెలుస్తుంది మామయ్యా?" అన్నాడు మా మేనల్లుడు.

మంచి ప్రశ్నే. జవాబుకు రెండు ఉట్నూర్లు తిరగాలి.

మొదటిది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, మక్తల్ వైపు ఉంది. అక్కడొక బూడిదదిబ్బ. హంపీ దగ్గర ఇలాంటి దిబ్బనే వాలిని దహనం చేసిన చోటంటారు. 1957లో ఆల్చిన్ అనే ఆంగ్ల పండితుడు ఉట్నూరు దిబ్బను తవ్వితే కంచె గుంజలు పాతిన గుంటలు, పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. అది నాలుగువేల ఏళ్లు దాటిన పశువులదొడ్డి! పేడ మళ్లీ మళ్లీ కాలి దిబ్బ అయింది. ఎందుకు కాల్చారో పార చెప్పలేదు. అందుకని ఆయన నేటి మనుషుల ఆచారాలు పరిశీలించారు. కన్నడసీమలో సంక్రాంతికి పశువులను మంట దాటిస్తారు. మన భోగిమంట సరేసరి. ఆనాటివీ అలాంటి పండుగమంటలేమోనని ఆయన ఊహ.

రెండో ఉట్నూరు ఆదిలాబాదు అడవుల్లో ఉంది. 1940లో కొమురం భీం నేలకొరిగాక, నిజాము ప్రభుత్వం తరఫున హైమన్‌డార్ఫ్ ఆ ప్రాంతానికి వెళ్లి మార్లవాయిలో గోండుల నడుమ నివసించారు. ఆయన తవ్వలేదు, అడిగారు. వారి పండుగలు, పెళ్లిళ్లు, సేద్యం రాసుకుని 1948లో గ్రంథం వెలువరించారు.

ఒకరు నేలను అడిగారు, ఒకరు మనిషిని అడిగారు. మానవశాస్త్రమనే మర్రికి నాలుగు కొమ్మలంటారు: దేహం, సంఘం, భాష, పురావస్తువు. మన విశ్వవిద్యాలయాలు చాలావరకు నాలుగోదాన్ని చరిత్ర పంచన చేర్చాయి. అమెరికాలో అది మానవశాస్త్రం ఇంటిబిడ్డే. ఎవరింట పెరిగినా తోబుట్టువుల సాయం లేనిదే దానికి నోరు పెగలదు.

ఇప్పుడు ఎన్నో బూడిదదిబ్బలను ఎరువుకోసం, మట్టికోసం తవ్వుకుపోతున్నారు. ఆచారాలనేమో మనమే మరిచిపోతున్నాం. దిబ్బను కాపాడడానికి సర్కారు కావాలి. రెండోదానికి ఒక నోటుపుస్తకం చాలు. మీ బామ్మగారి చిన్ననాట పశువుల పండుగ ఎలా జరిగేదో ఈ రాత్రే అడిగి రాసిపెట్టండి.