ఖబ్రస్తాన్ అంచున బిజ్జు

గోదావరిఖనిలో ఫజర్ నమాజు ముగించుకొని మస్జిదు బయటికి వస్తే ఎదురుగా కనిపించేవి కొండలు కావు. ఓపెన్‌కాస్టు గనుల నుండి తవ్వి తెచ్చి పోసిన మట్టి గుట్టలు. మేము మదర్సాలో బోధించడానికి ఈ ఊరికి వచ్చిననాడు వాటిలో కొన్ని లేనే లేవు. పాత గుట్టల మీద ఇప్పుడు తుమ్మలు, సుబాబుల్ చెట్లు దట్టంగా పెరిగాయి. వాటి నడుమ ఎలుకలు, పాములు, కుందేళ్లు చేరాయి. వాటిని తిని బ్రతికే జీవాలూ చేరాయి. మా ఖబ్రస్తాన్ అటువంటి ఒక గుట్ట పాదాన ఉన్నది.

ఆ జీవాలలో ఒకదానిని మన ఇళ్లలో బిజ్జు అంటారు. పసిపిల్లలు మారాం చేస్తే "ఖబర్ బిజ్జు వస్తుంది" అని బెదిరించే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. అది సమాధులు తవ్వుతుందని నమ్మకం. మేమూ చిన్ననాడు ఆ మాట విని ముసుగు తన్నినవారమే.

ఆంగ్లంలో దానిని హనీ బ్యాడ్జర్ అనీ, రాటెల్ అనీ పిలుస్తారు. శాస్త్రజ్ఞులు మెల్లివోరా కాపెన్సిస్ అని పేరు పెట్టారు. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతపు తేనెతిండి జంతువు అని దాని భావం. టీవీలో చూసినవారు ఇది ఆఫ్రికాకే చెందినదనుకుంటారు. కాని అరబ్బు దేశాలు, ఇరాన్ మీదుగా మన దేశం దాకా దీని నివాసం విస్తరించి ఉన్నది. చిన్నపాటి కుక్క అంత ఉంటుంది, కాళ్లు మాత్రం పొట్టివి. కడుపు, కాళ్లు నల్లగా, నెత్తి నుండి వీపంతా బూడిద తెలుపుగా ఉంటుంది. గని నుండి పైకి వచ్చిన కార్మికుడు వీపున తెల్ల తువ్వాలు కప్పుకున్నట్లు ఉంటుందని మాకు అనిపిస్తుంది. దాని చర్మం దళసరి, పైగా వదులు. మెడ పట్టుకుంటే ఆ చర్మంలోనే వెనుదిరిగి, పట్టుకున్నదానినే కరవగలదు. తేనెపట్టులే కాక ఎలుకలు, పాములు, తేళ్లు, పురుగులు దాని ఆహారం. ముందుకాళ్ల పొడవాటి గోళ్లతో గట్టి నేలను సైతం తవ్వగలదు. అపవాదుకు మూలం ఆ గోళ్లే కావచ్చు.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ 1867లో వెలువరించిన భారతదేశపు క్షీరదాల గ్రంథంలో, ఉత్తరాదిన దీనిపై శవాలు తవ్వుతుందనే ఆరోపణ ఉన్నదని వ్రాశాడు. ఆరోపణ అన్నాడే గాని చూశానని అనలేదు. ఉత్తర సర్కారులలో కోళ్లకోసం వచ్చి చిక్కిన వాటిని గురించి మాత్రం తనకు తెలుసునన్నాడు.

కొన్నేళ్ల క్రితం వర్షాకాలంలో ఒక గని కార్మికుని పసిబిడ్డ మరణించింది. మగ్రిబ్ వేళ దగ్గరపడింది, వాన ఆగడం లేదు, అడుగున రాయి తగిలింది. లోతు చాలదని తెలిసి కూడా "ఇక చాలు" అన్నది మేమే. ఉహుద్ దినాన అలసి గాయపడి ఉన్న సహాబాలకు సైతం సమాధులు లోతుగా తవ్వమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన సంగతిని ఏటా విద్యార్థులకు బోధించే నోటితోనే ఆ మాట అన్నాము.

మరునాటి ఉదయం సమాధి ఒక పక్క తవ్వి ఉన్నది. అల్లాహ్ దయవల్ల కర్ర బల్లలు కదలలేదు, కఫన్ చెదరలేదు. తండ్రి ఏమీ అనలేదు. కూర్చుని చేతులతో మట్టి సర్దుతూ ఉండిపోయాడు. యువకులు మాత్రం "బిజ్జు పనే, గుట్టమీది బొరియలో మందు పెడదాం" అని బయలుదేరారు. మేము వారించలేదు. నింద బిజ్జు మీద పడితే మా తొందర ఎవరికీ గుర్తురాదు కదా!

వారిని ఆపినవాడు గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఒక వృద్ధుడు. తడిమట్టిమీద అడుగులు చూపించి, "మౌల్వీ సాబ్, వేళ్లు లెక్కపెట్టండి" అన్నాడు. నాలుగు. మళ్లీ చూశాము, ప్రతి అడుగుకూ నాలుగే. బిజ్జు అడుగుకు అయిదు వేళ్లు, వాటికి చాలా ముందుగా గోళ్ల గుర్తులు పడతాయి. నాలుగు వేళ్లవి కుక్కలు, లేదా నక్కలు. కాలనీ చెత్త మేసి బలిసిన కుక్కలకు మా ఊళ్లో కొదవ లేదు.

ఆ రాత్రి మరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసులో "జబుఅ్" వేట జంతువేనా అనే ప్రశ్న ఉన్నది. దాని మాంసం విషయంలో షాఫియీలకు, హనఫీలకు భేదాభిప్రాయం ఉన్నది. మేము చదివిన ఉర్దూ అనువాదంలో ఆ మాటకు అర్థం బిజ్జు. మేమూ అలాగే బోధించాము. నిజానికి జబుఅ్ అంటే దుమ్ములగొండి. సమాధులు తవ్వే అలవాటును హయాతుల్ హయవాన్ గ్రంథకర్త దమీరీ అంటగట్టింది కూడా దానికే. ఊళ్లో కుక్కల నేరం, గ్రంథంలో దుమ్ములగొండి పేరు, రెండూ ఈ ఒక్క జంతువు నెత్తినే పడ్డాయి. మరునాడు తరగతిలో ఆ పదం కొట్టివేయించి సరిచేయించాము. బొరియలో మందు పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది శిక్షార్హమని కూడా చెప్పాము. దీనికి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో రక్షణ ఉన్నదంటే పిల్లలు నమ్మలేదు.

తండ్రి వద్దకు వెళ్లి లోతు తగ్గించింది మేమేనని చెప్పడానికి మాత్రం మరి రెండు రోజులు పట్టింది. అతడు చాలాసేపు నేలవైపు చూసి, "రాయి గనివాళ్లం మాకు కొత్తా, మౌల్సాబ్? చెబితే నేనే కొట్టేవాణ్ణి" అన్నాడు. అప్పటినుండి మా ఖబ్రస్తాన్‌లో గునపంతోబాటు సమ్మెట కూడా ఉంటుంది. పసిపిల్లల సమాధుల మీద బండలు పరుస్తున్నాము.

బిజ్జును మేము చూసింది ఒక్కసారే. చలికాలంలో ఇషా తరువాత ఒక జనాజా నుండి తిరిగివస్తుండగా మోటారు సైకిలు వెలుగులో గుట్టవారగా కనిపించింది. తెల్లని వీపు, దించిన తల. చెదల పుట్టను తవ్వుతున్నది. వెలుగు మీద పడినా తల ఎత్తలేదు. బండి నడుపుతున్న విద్యార్థి ఇంజను ఆపాడు. కొంతసేపటికి అది పని ముగించుకొని, ఖబ్రస్తాన్ గోడ పక్కగా, లోపలికి తొంగి అయినా చూడకుండా చెట్లలోకి వెళ్లిపోయింది.