పచ్చ ఇంకు, పచ్చ టిక్కు

మీ కంప్యూటర్లో ఆధార్ పీడీఎఫ్ ఉంటే ఒకసారి అడోబీ రీడర్లో తెరిచి చూడండి. సంతకం ఉండాల్సిన చోట చాలామందికి పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది, 'వాలిడిటీ అన్‌నోన్' అని. మా వాళ్లలో సాఫ్ట్‌వేరోణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న చుట్టాలంతా ఆ బొమ్మని ఫొటో తీసి నాకే పంపుతారు. "బావూ, ఇది దొంగదేటి?" అని.

దొంగదని ఆ బొమ్మ చెప్పట్లేదు. అలాగని అసలుదనీ చెప్పట్లేదు. "సంతకం ఉంది గానీ, పెట్టినాయన ఎవరో నాకు తెలీదు" అంటోంది, అంతే. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో నిజాయితీగా మాట్లాడేది ఆ ప్రశ్నార్థకమే!

డిజిటల్ సంతకాన్ని సరిచూడ్డం అంటే మూడు ప్రశ్నలు. ఒకటి, సంతకం పెట్టాక ఇందులో ఒక్క అక్షరమైనా మారిందా? రెండు, సంతకం పెట్టిన తాళంచెవి ఎవరిది? మూడు, అది ఫలానావాళ్లదని చెప్తున్నవాణ్ణి నేనెందుకు నమ్మాలి? మొదటిది లెక్క. కంప్యూటర్ రెప్పపాటులో చేసేస్తుంది. రెండోదానికి జవాబు సర్టిఫికెట్లో ఉంటుంది. మూడోది మాత్రం లెక్క కాదు, నమ్మకం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసేదాకా ఊళ్లో కరణంగారుండేవారు. "ఈ వేలిముద్ర ఫలానా అప్పన్నదే" అని ఆయనంటే చెల్లేది. వేలిముద్ర గొప్పతనం కాదది, కరణం ఎవరో అందరికీ ముందే తెలియడం.

ఇక్కడా కరణం ఉన్నాడు. 2000 అక్టోబరు 17న అమల్లోకొచ్చిన ఐటీ చట్టం కింద సీసీఏ, అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అనే అధికారిని పెట్టారు. ఆయన దగ్గరుండేది రూట్ సర్టిఫికెట్. దాంతో ఈముద్ర లాంటి సంస్థల సర్టిఫికెట్లకి పూచీ ఇస్తాడు, వాళ్లు మిగతావాళ్లకి ఇస్తారు. ఈ గొలుసు మొదట్లో ఉన్న కరణం మన అడోబీ రీడర్ నమ్మే జాబితాలో లేకపోతే వచ్చేదే ఆ పసుపు ప్రశ్నార్థకం.

దీనికి ఉడాయ్ వాళ్లు ఏళ్ల తరబడి చెప్పిన వైద్యం ఏంటంటే... రైట్ క్లిక్ కొట్టండి, సర్టిఫికెట్ తెరవండి, అందులో 'ఎన్ఐసీ సబ్-సీఏ ఫర్ ఎన్ఐసీ 2011' అనే పేరుందో లేదో చూడండి, ఉంటే నమ్మేవాళ్ల జాబితాలో చేర్చేయండి. వెంటనే పచ్చ టిక్కు వచ్చేస్తుంది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ పేరుతో సర్టిఫికెట్ తయారు చెయ్యాలంటే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఉన్న ఎవడికైనా రెండు నిమిషాల పని. తలుపు తట్టినవాణ్ణి "నువ్వు పోలీసువేనా?" అని అడిగి, అవునంటే లోపలికి రానిచ్చినట్టుంది ఇది. రూట్ సర్టిఫికెట్‌ని సీసీఏ సైటు నుంచి విడిగా తెచ్చుకుని పెట్టుకోవాలి గానీ, వచ్చిన కాగితంలోదాన్నే నమ్మకూడదు.

మామూలు జనం సంగతి సరే, ప్రోగ్రాములు రాసేవాళ్లదీ ఇదే దారి. 2018లో ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ వచ్చింది. మన వివరాలు ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో, ఉడాయ్ సంతకంతో వస్తాయి. ఆఫీసులో ఒకసారి బయటివాళ్లు రాసిన ప్రోగ్రామొకటి పరిశీలించమని నాకిచ్చారు. ఫైల్లో ఉన్న సర్టిఫికెట్‌నే తీసుకుని, దాంతోనే ఆ ఫైలు సంతకాన్ని సరిచూస్తోందది! పేరు గిరీశం, ఊరు విజయనగరం అని మార్చి, నేనే చేసుకున్న తాళంచెవితో సంతకం పెట్టి ఇచ్చాను. 'వెరిఫైడ్' అంది. గురజాడ వారి గిరీశానికి ఇంత సులువుగా కేవైసీ అయిపోతుందని తెలిస్తే వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే శ్రమ తప్పేది.

కరణం మంచివాడైనా కింది గుమస్తా మోసపోవచ్చు. 2014 జూలైలో ఎన్ఐసీ సర్టిఫికెట్ల కింద గూగుల్, యాహూ పేర్లతో అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. పట్టుకున్నది గూగుల్. సీసీఏ జూలై 3న ఆ ఎన్ఐసీ సర్టిఫికెట్లని రద్దు చేసింది. కాబట్టి గొలుసు చూస్తే చాలదు, మధ్యలో లింకులు రద్దయ్యాయేమో కూడా చూడాలి. తీరిక లేదని చాలా ప్రోగ్రాములు వదిలేసేది సరిగ్గా దీన్నే.

ఇప్పుడు మా జిల్లా సంగతి. 2011లో మీసేవ వచ్చాక కుల ధ్రువీకరణ పత్రాలు డిజిటల్ సంతకంతో రావడం మొదలైంది. ఐటీ చట్టం సెక్షన్ 5 ప్రకారం అది చేతి సంతకంతో సమానం. మా పిన్ని కూతురు ఆ కాగితం పట్టుకుని ఒక కాలేజీకి వెళ్తే కౌంటర్లో ఆయన "సంతకమేదమ్మా? గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకు సంతకం తే" అన్నారట. మా బాబాయి "గవర్నమెంటోలిచ్చిందే కదేటి బావూ" అని బతిమాలినా వినలేదు. మళ్లీ పాలకొండ బస్సు, ఆ రోజు కూలి పోయింది. చివరికి ఆ పిల్లని ఎన్నడూ చూడని ఒక లెక్చరర్‌గారు అరనిమిషంలో పచ్చ సంతకం గీకేశారు. కౌంటర్లో ఆయనకి తృప్తి!

వాళ్ల తిప్పలు చూస్తే ఆయన మీద కోపమొస్తుంది గానీ ఆయన అనుమానంలో సగం న్యాయం ఉంది. ప్రింటు తీయగానే డిజిటల్ సంతకం చచ్చిపోతుంది. 'డిజిటల్లీ సైన్డ్ బై' అన్న అక్షరాలు కాగితం మీద వట్టి ఇంకు, వర్డ్‌లో ఎవడైనా కొట్టుకోవచ్చు. ఆయన అనుమానం సరైందే, అడిగిన మందే తప్పు. కాగితం మీదున్న నంబరుని ప్రభుత్వ సైట్లో తనే కొట్టి చూసుంటే అక్కడికక్కడే తేలిపోయేది. అది కౌంటర్ పని. పచ్చ ఇంకు అడిగి దాన్ని బాబాయి నెత్తిన పెట్టారు.

క్యూఆర్ కోడ్ ఉంది కదా అంటారు. అందులో ఉన్నది వట్టి వెబ్ లింకైతే దొంగ కాగితం దొంగ సైటుకే తీసుకెళ్తుంది, అక్కడా పచ్చ టిక్కే ఉంటుంది. ఆధార్ సెక్యూర్ క్యూఆర్ అలా కాదు. వివరాలూ, సంతకమూ అందులోనే ఉంటాయి. 2021లో కోవిన్ టీకా పత్రాల్లోనూ అంతే. సరైన పబ్లిక్ కీ ముందే పెట్టుకున్న ఫోన్ ఉంటే పార్వతీపురం ఏజెన్సీలో సిగ్నల్ లేనిచోట కూడా సరిచూడొచ్చు. కాగితం మీద కూడా బతికే సంతకమది!

2025 జనవరి 30న మొదలైన మన మిత్రతో ఇప్పుడు ధ్రువపత్రాలు వాట్సాప్‌లోకే వస్తున్నాయి. సంతోషం. ఇచ్చే వైపు ఇన్నేళ్లుగా బోలెడు ఖర్చు పెట్టాం. తీసుకునే వైపు, అంటే ప్రతి కాలేజీలో, బ్యాంకులో, ఆఫీసు కౌంటర్లో సరిచూసే ఒక ఫోనూ, సరిచూడ్డం తెలిసిన ఒక మనిషీ ఉన్నారా? వాళ్లు లేనంతకాలం మనం ఎన్ని బిట్ల తాళంచెవి వాడినా పాలకొండ బస్సు టికెట్టు మాత్రం తప్పదు.